ఏడుపు క్యాసెట్

మొన్న జనగామలో, స్టేషన్ రోడ్డు మీద పాత టీవీలు బాగుచేసే భాయ్‌సాబ్ దుకాణంలో కూర్చుని ఒక శబ్దం విన్నాను. నేనిచ్చిన క్యాసెట్‌ను ఆయన టేప్‌రికార్డర్‌లో పెట్టి బటన్ నొక్కాడు. ముందు కాసేపు ‘కూ’ అని ఒకే తీరుగా మోగింది. ఆ వెంటనే రేకు మీద మేకు పెట్టి గీకినట్టు కిర్రుమని మొదలై ఎంతకీ ఆగలేదు. పక్క కిరాణా కొట్టులో కందిపప్పు జోకించుకుంటున్న ఆవిడ చెవులు మూసుకుంది. భాయ్‌సాబ్ గబుక్కున బటన్ నొక్కి ఆపేశాడు. “టీచరమ్మా, టేప్ ఖరాబైంది. దీంట్ల ఏం లేదు,” అన్నాడు. ఇదే మాట ముప్పై నాలుగేళ్ల కిందట నేనూ అన్నాను, ఇంతకంటే చాలా చెడ్డగా అన్నాను. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదు. “ఖరాబు కాలే భాయ్‌సాబ్. అది మనకు అర్థం కాదు, మిషన్‌కు అర్థమైతది. పుస్తకంల రాసినట్టు దానికి వైరు కలిపి, మళ్ల మొదటికెల్లి పెట్టున్రి,” అన్నాను. నేను అంత ఓపికగా మాట్లాడిన సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ.

నేను తొందర మనిషిని. ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పి, గంట కొట్టకముందే పాఠం ముగించే టీచరుగా పేరు తెచ్చుకున్నాను. రైలు ఎనిమిదింటికైతే ఏడింటికే ప్లాట్‌ఫారం మీద ఉంటాను. ఎక్కడికైనా బయల్దేరాలంటే నేను ముందురోజే చెప్పులు వేసుకుని కూర్చుంటానని మా ఆయన వెక్కిరిస్తాడు. ఈ గుణం మా అమ్మకు మొదటి నుంచీ తెలుసు. అమ్మ అని రాస్తున్నాను గానీ మా భాషలో యాడి అంటాం. అక్కచెల్లెళ్లను బాయి అంటాం. మాది గూడూరుకు అవతల, అడవి అంచున ఒక తండా. ఇంట్లో మాట్లాడే భాషకు లిపి లేదు. అందుకని యాడి మాటలూ మా అన్న మాటలూ ఇక్కడ మా పక్క తెలుగులో రాస్తున్నాను, చదివేవాళ్లు సర్దుకోవాలి. బాపు మాకు ఊహ తెలియకముందే పోయాడు. ఇల్లంటే యాడి, అన్న, నేను, ఒక బర్రె, ఇంట్లో అందరికంటే ఎక్కువ పెత్తనం చేసే ఒక మేక.

మా తండాలో పెళ్లంటే పెళ్లికూతురు ఏడవాలి. ఊరికే ఏడిస్తే సరిపోదు, పాడుతూ ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటారు. అన్నను పట్టుకుని అన్నకు, గడపను పట్టుకుని గడపకు, బర్రె మెడను పట్టుకుని బర్రెకు, ఎవరి పాట వాళ్లకు పాడి సెలవు తీసుకోవాలి. దుఃఖం వచ్చినప్పుడు ఏడవడం ఎవరికైనా చేతనవుతుంది. రాకపోయినా రాగం తప్పకుండా ఏడవడం మాత్రం విద్య. అందుకే పెళ్లి కుదరగానే పెద్దవాళ్లు పిల్లను కూర్చోబెట్టి నేర్పుతారు. మా చుట్టుపక్కల తండాల్లో ఆ విద్యకు యాడి పెద్ద పంతులమ్మ. నేను ఆమె చేతిలో ఫెయిలైన ఏకైక విద్యార్థిని. మొదట్లో నాకు నవ్వు వచ్చేది. నవ్వు ఆపుకోగలిగాక తొందర వచ్చేది. ఢావ్లోలో ప్రతి వరుస చివరా ఊపిరి తెగినట్టు ఆగాలి, ఎక్కిలి మింగాలి, ఆ తర్వాతే రెండో వరుస ఎత్తుకోవాలి. నేను ఆగేదాన్ని కాదు. గడపకు, బర్రెకు కలిపి రెండు నిమిషాల్లో సెలవు చెప్పేసేదాన్ని.

“ఏడుపు పాటల ఉండదే పిచ్చిదానా, ఆగినకాడ ఉంటది,” అనేది యాడి. “జర ఆగు. గడప ఎటు పోదు, బర్రె ఎటు పోదు. నీకే తొందర.”

అప్పటికి నేను హన్మకొండలో హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. పెళ్లి చూస్తే రెండు నెలల్లో ఉంది. నేర్చుకోవడానికి తండాలో ఉండే వీలు లేదు. దీనికి ఉపాయం మా అన్న కనిపెట్టాడు. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద, ఐటీఐ చదివి మానుకోటలో, అదే మహబూబాబాదులో, రేడియోలు టీవీలు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఒక ఆదివారం టేప్‌రికార్డర్ చంకలో పెట్టుకుని తండాకు వచ్చి, యాడిని గడప దగ్గర కూర్చోబెట్టి, మొత్తం ఢావ్లో పాడించి రికార్డు చేశాడు. ఐదు నిమిషాలు పాడింది. మధ్యలో, గుండెలు కరిగే చోట, గొంతు పైకి ఎక్కి ఆగిన చోట, ఉన్నట్టుండి “హెయ్! మేక! మక్కలు బుక్కుతుంది, కొట్టున్రి దాన్ని!” అని అరిచి, మేక కదిలాక, ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడే, అదే శ్రుతిలో మళ్లీ ఏడుపు అందుకుంది. నేను పడి పడి నవ్వి, మేక లేకుండా ఇంకోసారి పాడించమన్నాను. అన్న ఒప్పుకోలేదు. “మేకను ఉండనియ్యి. గదీ యాడినే గదా,” అన్నాడు. క్యాసెట్ వీపు మీద చిన్న ప్లాస్టిక్ చెవులుంటాయి, పాతకాలం వాళ్లకు తెలుసు. ఆ చెవిని విరిచేస్తే రికార్డు బటన్ కిందికి పడదు, ఇక ఆ క్యాసెట్‌ను ఎవరూ చెరపలేరు. అన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని టక్కున విరిచి, మీద ‘బాయి ఏడుపు’ అని రాసి నా చేతికిచ్చాడు.

హాస్టల్లో నేను ఏడుపు ప్రాక్టీసు చేస్తుంటే నా గదిలోని అమ్మాయిలకు అది పెద్ద వేడుక. మేక దగ్గరికి వచ్చేసరికి అందరూ కలిసి “హెయ్! మేక!” అని అరిచేవాళ్లు. ఒకరోజు క్యాసెట్ చివర మిగిలిన చోట మేమంతా కలిసి ఏదో అల్లరి రికార్డు చేశాం, ఆ సంగతి ఆ తర్వాత పూర్తిగా మర్చిపోయాను. ఇంత చదువు చదివీ పెళ్లిలో ఏం చేశానంటే, నిజంగా ఏడుపొచ్చి పాట మొత్తం మర్చిపోయాను. యాడిని పట్టుకుని ఒక వరుస కూడా సరిగ్గా పాడలేదు. యాడి నా వీపు నిమురుతూ “గింత నేర్పితే గిట్లనా ఏడ్చేది,” అని తానూ ఏడుస్తూనే నవ్వింది. అత్తగారింటికి ఏడుపు పాట తీసుకుపోవడం మంచిది కాదన్నారు, ఆ ఇంట్లో టేప్‌రికార్డర్ కూడా లేదు. క్యాసెట్ అన్న దగ్గరే ఉండిపోయింది. నేను జనగామ వచ్చేశాను.

ఇక మా అన్న సంగతి. పాడైన రేడియో చేతికొస్తే అది పాట పాడినందుకు కాక, పాటకూ పాటకూ మధ్య గురగురమన్నందుకు సంతోషించే మనిషి. దుకాణం వెనక గదిలో బిస్కెట్ డబ్బాకు రంధ్రాలు చేసి, రేడియో సామాను దాంట్లో బిగించి, పైన రేడియోకు ఉండేలాంటి రెండు మర్రలు పెట్టాడు. మర్ర తిప్పితే డబ్బా మూలిగేది, ఇంకొంచెం తిప్పితే కూసేది. దాని పేరు డబ్బానే. ఆ కాలంలో మానుకోటలో ఎవరో కంప్యూటర్ నేర్పుతామని బోర్డు కట్టి, ఏడాది తిరగకుండా బోర్డు తీసేసి పోయారు. పోతూ పోతూ పనిచేయడం లేదని ఒక మిషన్‌ను పారేస్తే అన్న దాన్ని ఏరుకొచ్చి బాగుచేశాడు. పలకంత ఉండేది, మీద రబ్బరు మీటలు. టీవీకి తగిలిస్తే కంప్యూటర్ అయ్యేది. ఈ కాలం ఫోనులో ఉన్న తెలివిలో దానికి వెయ్యోవంతు కూడా ఉండి ఉండదు. కరెంటు పోతే ఎక్కించినదంతా మర్చిపోయేది. అందుకని అందులో టైపు చేసినదాన్ని క్యాసెట్‌లోకి దించుకోవాలి. క్యాసెట్ మీద ఆ అంకెలూ అక్షరాలే కిర్రుమనే శబ్దంగా మారతాయి. మళ్లీ కావాలంటే ఆ శబ్దాన్ని మిషన్‌కు వినిపించాలి.

ఆ మిషన్‌తో, ఆ డబ్బాతో అన్న సంగీతం కట్టేవాడు. సంగీతమని ఆయన అనేవాడు, మిగతా మానుకోట లొల్లి అనేది. తండా ట్రాన్స్‌ఫార్మర్ మూలుగే శ్రుతి. దాని పక్కన నిలబడి డబ్బా మర్రను సరిచేసుకుని, ఆ చోట గుర్తుగా ఒక గీత గీసుకున్నాడు. దాని మీద పంపుసెట్టు ఎత్తుకున్నట్టో, పిండిగిర్ని బెల్టు జారినట్టో మిషన్ చేత పలికించేవాడు. ఒక తీజ్ పండక్కి తండాలో మైకుసెట్టు పెడితే, ముచ్చటపడి తాను కట్టింది వినిపించాడు. అందరూ మైకు పాడైందనుకున్నారు. ఒక పెద్దమనిషి జాలిపడి, లేచి వచ్చి, వైరు పీకి, “ఫికర్ జెయ్యకురా, రేపు బాగు జేసుకుందువు,” అని భుజం తట్టి పోయాడు. అన్న ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పాడు. ఆ తర్వాత మాత్రం ఎవరికీ వినిపించలేదు. ఒక్కో స్వరానికి రెండు అంకెలు, ఎంతసేపు, ఎంత ఎత్తు. నోటుబుక్కుల నిండా అంకెలే. చూసినవాళ్లు మట్కా నంబర్లు అనుకున్నారు. ఎవరో అందులోంచి దొంగచాటుగా చూసుకున్న నంబరు తగిలిందట, ఇక కొన్నాళ్లు అన్న టీ తాగడానికి బయటికొచ్చినా వెనక ఇద్దరు. “అన్నా, ఇయ్యాల ఏం తగుల్తది?” అని అడిగేవాళ్లు. ఆయన్ను వెతుక్కుంటూ మనుషులు రావడం అదే మొదలు, అదే చివర.

నా పెళ్లయిన ఏడాదికి యాడి జ్వరంతో పోయింది. నాలుగు రోజుల జ్వరం. నేను వెళ్లేసరికి అయిపోయింది. యాడికి రేషన్ కార్డు మీద అంటించిన గోరంత ఫొటో తప్ప ఇంకో ఫొటో లేదు. మిగిలింది ఆ క్యాసెట్టే. అన్న దాని మీది ‘బాయి ఏడుపు’ కొట్టేసి ‘యాడి’ అని రాశాడు. నేను మానుకోట వెళ్లినప్పుడల్లా ఒకసారి వినేదాన్ని. అన్న రోజూ వినేవాడు. వింటూ వింటూ దాన్ని అంకెల్లోకి దించడం మొదలుపెట్టాడు. ఒక్కో వరుసకు వారం పట్టేది. ఒకసారి నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. “హార్మోనియంల రెండు మెట్ల నడుమ జాగ లేదు బాయి. యాడి గొంతు గా నడుమనే తిరుగుతది. గీ మిషన్‌కైతే మూడు పాయింట్ రెండు ఏడు అని చెప్పొచ్చు, గంతే పాడుతది. మన భాషకు అక్షరం లేకుంటే లేకపాయె, అంకెలు సాలు.” ఆగిన చోట్లను కూడా కొలుస్తున్నానన్నాడు. టీవీ తెర సెకనుకు యాభైసార్లు మారుతుందట, ఆ లెక్కన ముప్పై ఏడు, నలభై ఒకటి అని మౌనానికి కూడా అంకె వేస్తున్నాడు. నాకు రైలు టైమవుతోందని లేచాను. ఆయన చెప్పిందాంట్లో సగం కూడా వినలేదు.

యాడి ఏడాది దినం నాడు తండాకు పోవడానికి పొద్దున రైలు దిగి, ముందు అన్న దుకాణానికి వెళ్లాను. పదకొండున్నర అయింది. ఆ రోజుల్లో పది నుంచి రెండు దాకా కరెంటు ఉండదు. అన్న ముఖం వెలిగిపోతోంది. యాడి పాట పూర్తయిందన్నాడు. కరెంటు పోయేలోగా దించుకోవాలని గాబరాగా పొద్దునే క్యాసెట్‌లోకి ఎక్కించానన్నాడు. నాకు ఆ అంకెల గొడవ పట్టలేదు. ముందు యాడిని వినిపించమన్నాను. టేప్‌రికార్డర్‌లో సెల్లులున్నాయి, దానికి కరెంటుతో పనిలేదు. అన్న ‘యాడి’ అని రాసిన క్యాసెట్ పెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. కిర్రుమంది.

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. గాబరాలో చేతికందిన క్యాసెట్ పెట్టేసి, యాడి గొంతు మీద యాడి పాట అంకెల్ని ఎక్కించేశాడు. అన్న క్యాసెట్ వంక చూడకుండా టేప్‌రికార్డర్ బటన్ వంక చూస్తూ ఉండిపోయాడు. “బటన్ పడొద్దు గదా… యాడి క్యాసెట్‌కు బటన్ పడదు. ఎట్ల పడ్డది?” అన్నాడు. అది నాకు సాకులాగా వినిపించింది. నేనే టేప్ ఆపేశాను. ఇంకొంచెంసేపు నడవనిచ్చి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదని మొన్ననే తెలిసింది. “దీంట్ల ఏం లేదు,” అన్నాను. “యాడిని ఒకసారి జ్వరం సంపింది, రెండోసారి నువ్వు సంపినవ్,” అన్నాను. ముప్పై రెండేళ్లు తరగతి గదిలో ఎన్ని మాటలు మాట్లాడి ఉంటానో లెక్కలేదు, వాటిలో ఒక్కటీ గుర్తులేదు. ఈ ఒక్క మాట మాత్రం గుర్తుంది. అన్న ఏడవలేదు. “యాడి పోలే బాయి, అంకెలల్ల ఉంది. జర ఆగు, రెండింటికి కరెంటొస్తది, ఇనిపిస్త. జర ఆగు,” అన్నాడు. గూడూరు బస్సు పన్నెండున్నరకు. నేను సంచి తీసుకుని వెళ్లిపోయాను. సాయంత్రం ఆయన తండాకు వచ్చాడు. చేయాల్సినవి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చేశాం, మాట్లాడుకోలేదు.

తెగిపోయిన బంధమేమీ కాదది. పెళ్లిళ్లకు, చావులకు కలిసేవాళ్లం. అన్నం తిన్నవా అంటే తిన్నవా అనుకునేవాళ్లం. అన్న పెళ్లి చేసుకోలేదు. చెల్పూరు దగ్గర కరెంటు తయారుచేసే చోట మీటర్లు చూసే పని దొరికాక దుకాణం మూసేసి, భూపాలపల్లిలో గది తీసుకున్నాడు. ఊరూరి ట్రాన్స్‌ఫార్మర్‌కు శ్రుతి అక్కడి నుంచే పోతుందని మురిసిపోయేవాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. రెండు మాటలయ్యాక ప్రతిసారీ ఒకటే అనేవాడు, “ఓసారి రారాదు బాయి. ఈడ కరెంటు పోదు.” కొలువు గురించి గొప్ప చెప్పుకుంటున్నాడనుకున్నాను. జనగామలో కూడా పోదులే అనేదాన్ని. నాకు పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది, పెట్టేసేదాన్ని. ఎన్నిసార్లు పిలిచాడో ఇప్పుడు లెక్కపెట్టుకుంటే కూర్చున్న చోట కూర్చోలేకపోతున్నాను.

పోయిన చలికాలం అన్న నిద్రలోనే పోయాడు. దినాలయ్యాక గది ఖాళీ చేయడానికి వెళ్లాను. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. అన్నీ ఒక్కొక్కటే, స్పీకర్లు మాత్రం రెండు. “మీ అన్న సప్పుడు లేని మనిషమ్మా,” అన్నాడు ఇంటాయన. “కని సెలవు రోజు గదిలకెల్లి ఏదో కూత వస్తుండె. మేము ఫ్రిజ్ ఖరాబైందనుకున్నం. లోపలికి పోయి సూస్తే ఫ్రిజ్జే లేదు.” మంచం కింద ట్రంకు పెట్టెలో, తువ్వాలలో చుట్టి రబ్బరు మీటల మిషన్, బిస్కెట్ డబ్బా, ఒక నోటుబుక్కు, ఆ క్యాసెట్ ఉన్నాయి. నోటుబుక్కు మొదటి పేజీలో ఏ వైరు ఎక్కడ పెట్టాలి, డబ్బా మర్ర ఏ గీత దగ్గర ఆపాలి, క్యాసెట్ శబ్దం ఎంతసేపు వినిపించాలి, అన్నీ వరుసగా తెలుగులో రాసి ఉన్నాయి. ఆయనకు అవన్నీ తెలుసు కదా, ఎవరి కోసం రాశాడో నన్ను ఎవరూ అడగలేదు.

అలా నేను భాయ్‌సాబ్ దుకాణానికి చేరాను. ఆయన మిషన్ విప్పి, ఉబ్బిపోయిన ముక్కలు రెండు మార్చి, అటక మీది పాత డబ్బా టీవీ దించాడు. ఆరు నిమిషాలు కిర్రుమని మోగింది. నేను కదలకుండా కూర్చున్నాను. శబ్దం ఆగి, తెర మీద మిషన్ సరేనన్నట్టు ఒక మాట పడింది. భాయ్‌సాబ్ టేప్ ఆపడానికి లేచేలోపు, టేప్‌రికార్డర్‌లోంచి అమ్మాయిల నవ్వులు వినిపించాయి. ఎవరో “అవుతుందా?” అంటోంది. ఇంకెవరో, చాలా తొందరగా, “అయితది అయితది, ఇరిగిన చెవి మీద పట్టీ అతికిచ్చిన, బటన్ పడ్డది,” అంటోంది. తర్వాత అందరూ కలిసి “హెయ్! మేక!” అని అరిచారు. ఆ తొందర గొంతు ఎవరిదో నేను కొంచెం ఆలస్యంగా పోల్చుకున్నాను. అది నాది. భాయ్‌సాబ్ క్యాసెట్ బయటికి తీసి వెనక్కి తిప్పాడు. అన్న విరిచిన చెవి మీద, హాస్టల్ మందుల పెట్టెలోని పట్టీ ముక్క, ఎండిపోయి, ఇంకా అతుక్కునే ఉంది. “చెరిగిపోవద్దనే గదా చెవి ఇరుస్తరు. దీన్ని ఎవరు మూసిన్రు?” అన్నాడు. నేనేనని చెప్పాను.

అన్న ఆ పట్టీని చూసి ఉంటాడు. ఆ రోజే కాకపోయినా మర్నాడైనా చూసి ఉంటాడు. బటన్ ఎందుకు పడిందో తెలియకుండా ఉండే మనిషి కాదు. పట్టీ పీకలేదు, పారేయలేదు. నాకు చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లు నేను ఆయన్ను క్షమించనట్టు తిరిగాను, ఆయన నన్ను తిరగనిచ్చాడు. ఈ సంగతి తెలిశాక నాకు దుకాణంలోనే ఏడుపొచ్చింది. రాగం లేదు, వరుస లేదు.

భాయ్‌సాబ్ నీళ్ల గ్లాసు నా ముందు పెట్టి, చూడనట్టు నోటుబుక్కు వైపు తిరిగాడు. డబ్బాకు బ్యాటరీ బిగించి, మర్రను గీత దగ్గరికి తిప్పాడు. మా తండా ట్రాన్స్‌ఫార్మర్ జనగామ స్టేషన్ రోడ్డులో మూలిగింది. తెర మీద వరుసల వరుసల అంకెలు. మధ్యలో ఒకచోట మిషన్ లెక్కచేయని వరుస ఉందట, చదివే మనుషుల కోసం గుర్తు రాసుకునేది. దాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో మేక అని ఉంది. దాని కింద ఆగమని ఆజ్ఞ, పక్కన రెండు వందల పన్నెండు అనే అంకె, సెకనుకు యాభై లెక్కన నాలుగు సెకన్లు. పాట మొదలైంది. అందంగా ఉందని చెప్పలేను. సన్నటి బొమ్మ ఈల లాంటి గొంతు, ఊపిరి లేదు, మాట లేదు. అయినా అది రెండు మెట్ల నడుమ జారుతూ ఎక్కి, వరుస చివర ఆగింది. గొంతు మిషన్‌దే. ఆ ఆగడం మాత్రం యాడిది. మౌనం ఎవరి నోట్లోంచి వచ్చినా ఒకటే కదా, దాన్ని అన్న చుక్క పోకుండా దాచాడు.

పాట పైకి ఎక్కి, గుండెలు కరిగే చోట, టక్కున ఆగిపోయింది. “అయిపోయినట్టుంది టీచరమ్మా,” అని భాయ్‌సాబ్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

“జర ఆగున్రి,” అన్నాను. “అయిపోలే.”

ఆ నాలుగు సెకన్లలో ఏముందో తెలిసిన మనుషులు ఇద్దరే ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కదాన్నే. “హెయ్, మేక,” అన్నాను, నాకు మాత్రమే వినపడేలా. మక్కలు బుక్కుతుంది, కొట్టున్రి దాన్ని. మేక కదిలింది. ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడే, అదే శ్రుతిలో, పాట మళ్లీ అందుకుంది.

ఆ రోజు రెండింటికి కరెంటు వచ్చి ఉంటుంది. నేను పన్నెండున్నర బస్సు ఎక్కాను. మధ్యలో ఉన్న గంటన్నర గడవడానికి నాకు ముప్పై నాలుగేళ్లు పట్టింది.